దాచుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు

మొన్న మా అమ్మాయి సెల్‌ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! నూటయాభై రూపాయలు మిగిల్చాను, తెలుసా?" అంది, ఏ గనిలోంచో బంగారం తవ్వి తెచ్చినంత సంబరంగా. కథేమిటని అడిగితే, ఫోన్‌లో కూపన్ వచ్చిందిట. వెయ్యి రూపాయల సరుకు కొంటే నూటయాభై తగ్గింపుట. తీరా నేను కాగితం పెన్సిలూ తీసుకుని లెక్క చూస్తే, ఆ వారం మాకు కావలసింది ఆరువందల సరుకే. అంటే మిగిలింది నూటయాభై కాదు, అదనంగా పోయింది రెండువందల యాభై. ఆ అదనపు సరుకులో మూడు సీసాల టమాటా సాసు ఉంది. మా ఇంట్లో సాసు తినే ప్రాణి ఎవరయ్యా అంటే, ఏడాదికోసారి సెలవులకొచ్చే మా చెల్లెలి కొడుకు ఒక్కడే!

నేను నోరు తెరిచి ఏదో అనబోయేంతలో మావారు పేపరు చాటునుంచి, "దాన్నంటావెందుకు? మన సామాన్ల గది ఒకసారి చూసుకో" అన్నారు. నోరు మూసుకున్నాను. మా సామాన్ల గదిలో వరసగా డబ్బాలు. చవగ్గా వచ్చాయని కొన్న సబ్బులు, పండగ ముందు తెచ్చి పండగ తర్వాత కూడా తరగని శనగపిండి. మా అమ్మాయి తప్పు ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. నా దగ్గర నేర్చుకుంది. నేనెక్కడ నేర్చుకున్నానంటే, మా నానమ్మ దగ్గర. అయితే నానమ్మ చేసింది ఒకటి, మేము చేస్తున్నది ఒకటి. రెండింటికీ మధ్య ఎక్కడో ఓ పోగు తెగింది. అదెక్కడ తెగిందో చూద్దామని కాస్త వెనక్కి వెళ్ళాను. చరిత్రంటే రాజులూ యుద్ధాలే కాదు కదండీ, బియ్యపు డబ్బాకీ చరిత్ర ఉంటుంది.

మాది మెదకు. ఊరి పేరులోనే మెతుకు ఉందని మా వాళ్ళ నమ్మకం. మెతుకు దుర్గమే మెదకు అయిందని చిన్నప్పుడు బళ్ళో చెప్పేవారు. గుట్ట మీద కోట ఉంది. కాకతీయుల కాలం నుంచీ ఉన్న ఆ కోటలో కుతుబ్‌షాహీల నాటి మసీదు ఉంది, ధాన్యం నిల్వచేసిన కొట్లూ ఉన్నాయి. విహారానికొచ్చిన పిల్లలు ఫిరంగి దగ్గర ఫోటోలు దిగుతారు, కొట్ల వంక ఎవరూ చూడరు. నాకు మాత్రం గుట్టెక్కినప్పుడల్లా కళ్ళు అటే పోతాయి. శత్రువు కోటని చుట్టుముడితే ఫిరంగి ఓ పూట పేలుతుందేమో గానీ, నెలల తరబడి కోటని నిలబెట్టేది ధాన్యపు కొట్టే. ఆ సంగతి ప్రతి ఇల్లాలికీ తెలుసు. చరిత్ర పుస్తకాలు రాసేవాళ్ళే అప్పుడప్పుడు మరిచిపోతారు.

కౌటిల్యుడు మరిచిపోలేదు. అర్థశాస్త్రంలో కోష్ఠాగారం గురించి చెబుతూ, వచ్చిన పంటలో సగం ఆపదలో ప్రజల కోసం పక్కన పెట్టమన్నాడు, సగమే వాడుకోమన్నాడు. అక్కడితో ఆగక, కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని మార్చెయ్యమన్నాడు. చదివి నవ్వుకున్నాను. ఇదేదో మహా రాజనీతి అనుకున్నా గానీ, మా నానమ్మ వంటింటి నీతే! కొత్త చింతపండు కుండలో పొయ్యాలంటే, అడుగున ఉన్న పాత చింతపండు పైకి తియ్యాల్సిందే. "పాతది ముంగట, కొత్తది ఎనుక" అనేది. ఆవిడ అర్థశాస్త్రం చదవలేదు. ఆ మాటకొస్తే ఏ శాస్త్రమూ చదవలేదు. వేలిముద్ర మనిషి.

నానమ్మ పుట్టింది మంజీర కాలవ కింద ఓ పల్లెలో. మా ఊరి దగ్గర మంజీర మీద ఘనపురం ఆనకట్ట 1905లో కట్టారు. దానికి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలవలు. ఆ నీళ్ళు పారినంత మేరా వరి. నీళ్ళెక్కని చోట జొన్న. నానమ్మవాళ్ళ ఇంట్లో వరి గుమ్మి వేరే, జొన్న గుమ్మి వేరే ఉండేవిట. గుమ్మి అంటే పట్నం పిల్లలకి తెలియకపోవచ్చు. వెదురు తడికతో మనిషెత్తు అల్లి, మట్టీ పేడా కలిపి లోపలా బయటా మెత్తి ఆరబెట్టిన పెద్ద గాదె. అందులో గింజ పొయ్యడానికి ముందు ఎండబెట్టాలి. ఎండిందా లేదా అన్నది కంటితో కాదు, పంటితో చూసేవారు. కొరికితే కటుక్కుమనాలి. మెత్తగా నలిగితే మళ్ళీ ఎండకే. మధ్య మధ్య వేపాకు, బూడిద. పప్పు దినుసులకైతే పలచగా ఆముదం పట్టించడం. చింతపండుకి గింజ తీసి ఉప్పు. ఇవన్నీ సీజన్ని బట్టి నడిచేవి. సంక్రాంతికి కొత్త ధాన్యం, ఆ వెనకే కంది, చలి తగ్గి ఎండ ముదిరేసరికి మిరపా చింతపండూ. ఏది ఎప్పుడు దండిగా వస్తే అది అప్పుడే చవక. అప్పుడు కొన్న మనిషి వానాకాలంలో దుకాణం మెట్టెక్కనక్కర్లేదు. మనం ఈవేళ కూపన్ కోసం ఎదురుచూస్తున్నామే, వాళ్ళకి ఋతువే కూపన్.

అసలీ కూపన్ ఎక్కడిదంటారా? ఫ్రెంచి భాషలో కత్తిరించడం అనే మాటలోంచి పుట్టింది. అమెరికాలో 1880ల చివర కోకాకోలా వాళ్ళు, ఈ చీటీ తెస్తే ఓ గ్లాసు ఉచితం అని కాగితాలు పంచారు. ఉచితంగా తాగినవాడు రేపు డబ్బిచ్చి తాగుతాడని వాళ్ళ ఎత్తు. ఆ ఎత్తు పారింది. అప్పట్నించీ పేపర్లో కూపన్లు కత్తిరించుకుని దాచుకోవడం అమెరికా ఇల్లాళ్ళకి ఓ విద్య అయింది. ఇది కూపన్ మొదటి జన్మ.

రెండో జన్మ యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలలకే, 1940 జనవరి 8న బ్రిటన్‌లో రేషన్ పెట్టారు. పంచదార, వెన్న, ఉప్పులో ఊరిన పందిమాంసంతో మొదలై క్రమంగా చాలా సరుకులకి పాకింది. ప్రతి మనిషికీ ఓ పుస్తకం, అందులో కూపన్లు. దుకాణదారు కూపన్ తీసుకుని సరుకిచ్చేవాడు. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ ముగియలేదు. 1954 జూలైలో మాంసం మీద ఆంక్ష ఎత్తేసేదాకా, పధ్నాలుగేళ్ళు అక్కడి ఇల్లాళ్ళు కూపన్లతోనే కాపరం చేశారు.

చూడండి విచిత్రం! పేరు ఒకటే, గుణం పూర్తిగా ఎదురు. వ్యాపారి ఇచ్చే కూపన్, "ఇంకా కొను" అంటుంది. సర్కారు ఇచ్చే కూపన్, "ఇంతే కొను" అంటుంది. మొదటిది ఆశపెడుతుంది, రెండోది పంచుతుంది. మా అమ్మాయి ఫోన్‌లో వచ్చినది మొదటి రకం. మా నానమ్మ చూసినది రెండో రకం.

మా వైపు ఇప్పటికీ రేషన్ షాపుని ఎవరూ రేషన్ షాపు అనరు. కంట్రోల్ దుకాణం అంటారు. అక్కడిచ్చేవి కంట్రోల్ బియ్యం. ఎందుకలా అంటారని చిన్నప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మాట యుద్ధకాలపు ధరల కంట్రోల్ నుంచి వచ్చింది. యుద్ధం పోయింది, నిజాం రాజ్యం పోయింది, హాలీ రూపాయి పోయింది, సేరూ మానికా పోయి కిలోలొచ్చాయి. ఈ ఒక్క మాట మాత్రం చీటీ పట్టుకుని ఇప్పటికీ లైన్లోనే నిలబడి ఉంది.

ఆ కంట్రోళ్ళ కాలంలో దేశం ఎలా ఉందో తెలుసుకోవాలంటే 1943 నాటి బెంగాల్ చూడాలి. కొన్ని లక్షల మంది కరువులో పోయారు. ముప్ఫై లక్షల దాకా ఉంటుందని లెక్క. గింజ లేక కాదు, గింజ కొనే శక్తి లేక పోయారని తర్వాత అమర్త్యసేన్ 1981లో వేసిన పుస్తకంలో వివరంగా చూపించారు. యుద్ధం ఖర్చులతో ధరలు మండాయి. ఉన్నవాళ్ళు భయపడి కొని దాచుకున్నారు. వ్యాపారులు ఇంకా పెరుగుతుందని ఆశపడి దాచుకున్నారు. రోజు కూలి మీద రోజు బియ్యం కొనుక్కునేవాడి చేతికి ఏమీ మిగల్లేదు. అందుకే పెద్ద పట్టణాలలో రేషన్ పెట్టారు.

పట్టణాలకి రేషన్ ఇవ్వాలంటే గింజ కావాలి కదా? నిజాం రాజ్యంలో దానికోసం లెవీ పెట్టారు. రైతు తన పంటలో ఇంత భాగం సర్కారు చెప్పిన ధరకి పెట్టి తీరాలి. ఆలోచన మంచిదే. అమలు దగ్గర బెడిసికొట్టింది. పెద్ద పెద్ద భూములున్న దొరలు లెక్కలు తారుమారు చేసి తప్పించుకున్నారు, తప్పించుకున్న గింజని ఎక్కువ ధరకి అమ్ముకున్నారు. భారమంతా చిన్న రైతు గుమ్మి మీద పడింది. తెలంగాణలో ఆ తర్వాత రగిలిన పోరాటానికి, వెట్టితో పాటు ఈ లెవీ కూడా ఓ పెద్ద కారణమని చరిత్ర చెబుతుంది.

నానమ్మకప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో. లెవీ కొలిచే మనుషులు ఊళ్ళోకి వస్తున్నారనగానే, వాళ్ళమ్మ రాత్రికి రాత్రి వంటింట్లో పొయ్యి పక్కన పాతర తవ్వి, గడ్డి పరిచి నాలుగు కుంచాల జొన్నలు పోసి, పైన మట్టి కప్పి పేడతో అలికేసిందిట. పొద్దున్నే ముగ్గు కూడా పెట్టిందిట పైన! వచ్చినవాళ్ళు గుమ్మి ఊడ్చుకుపోయారు. ముగ్గు జోలికి ఎవరూ పోలేదు.

ఈ కథ విన్నప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. అప్పుడే పుస్తకాల్లో దొంగనిల్వలూ, నల్లబజారూ, 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం లాంటివి చదివిన తెలివి నాది. "అయితే మీ అమ్మ చేసింది దొంగనిల్వే కదా నానమ్మా?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. తమలపాకుకి సున్నం రాసుకుంటూ నిదానంగా అంది: "దాసుకునుడు వేరే బిడ్డా, దాసిపెట్టుడు వేరే. ఆ జొన్నలు మేమొక్కలమే తిన్నమా? మా వాడకట్టుల ఎవ్వలింట్ల పొయ్యి ఎలగకపోతె ఆళ్ళింటికి సోలెడు పోయింది. ఒక్కలం తింటె దాసుకున్నట్టు. పదిమందికి ఎల్తె దాసిపెట్టినట్టు."

అప్పుడు ఆ మాటని నేను పట్టించుకోలేదు. ముసలమ్మల మాటలు పట్టించుకునే వయసా అది!

మా ఊళ్ళో ఇంకో పెద్ద కట్టడం ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. మెదక్ చర్చి. 1914లో మొదలుపెడితే పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. గోపురం నూట డెబ్భయి అయిదు అడుగులు. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర గురించి మా ఊళ్ళో ప్రతి పిల్లకీ తెలిసిన కథ ఒకటుంది. కరువుతో జనం అల్లాడుతుంటే ఊరికే అన్నం పెట్టడం కాక, పని కల్పించి ఆ పనికి తిండి ఇచ్చాడని. రాళ్ళు మోసిన తాతల పేర్లు చెప్పుకునే ఇళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నాయి. భక్తులకి అది గుడి. నాకు మాత్రం ఆ గోపురం చూస్తే, కరువు రోజుల్లో ఎక్కడో ఎవరో తలుపు తీసిన ధాన్యపు కొట్టు గుర్తొస్తుంది. కొట్టులో గింజ ఉండడం ఒక ఎత్తు, అది సమయానికి బయటికి రావడం మరో ఎత్తు.

స్వాతంత్ర్యం వచ్చాక కంట్రోళ్ళ కథ ఉయ్యాలలూగింది. 1947 చివర్లో గాంధీజీ కోరిక మీద ఎత్తేశారు, ధరలు ఎగబాకాయి, మరుసటి ఏడాదే మళ్ళీ పెట్టారు. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో రేషన్ తీసేశారు. అప్పుడు ఆంధ్ర జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనివే. 1965లో శాస్త్రిగారు సోమవారం పూట ఓ భోజనం మానమన్నారు. మన అమ్మమ్మలు చాలామంది దాన్ని దేవుడి ఉపవాసం కంటే నిష్ఠగా పాటించారు. అదే ఏడు ఆహార సంస్థ వచ్చింది. అంటే దేశం మొత్తానికి ఓ పెద్ద గుమ్మి అన్నమాట. 1972 ప్రాంతాల్లో ధరలు పెరిగితే బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ లాంటివాళ్ళ వెంట వేలమంది ఇల్లాళ్ళు అప్పడాల కర్రలు పట్టుకుని వీధిలోకొచ్చారు. అప్పడాల కర్ర మొగుణ్ణి బెదిరించడానికే అనుకునే కార్టూనిస్టులకి అది మంచి జవాబు!

ఇక 1983. అంతకుముందు ఏడాది రూపాయి తొంభై పైసల బియ్యమని మొదలైన మాట, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి కాగానే కిలో రెండు రూపాయలయింది. అప్పట్లో మా మెదక్ ఎంపీ ఇందిరాగాంధీ, రాష్ట్రంలో రామారావు. పెద్దలు అరుగుల మీద కూచుని రాజకీయాలు వాదించుకునేవారు. ఆడవాళ్ళు మాత్రం ఏమీ వాదించకుండా సంచులు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. నాకు లీలగా గుర్తు. చక్కెర కోసమో గ్యాసునూనె కోసమో నానమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. మా ముందు ఒకావిడ, తూకం అయ్యాక బియ్యం ఒక్క గింజ కూడా కింద పడకుండా కొంగుతో చుట్టూ ఊడ్చి సంచిలో వేసుకుంది. ఆ కొంగు ఊడ్చిన తీరు నలభై ఏళ్ళయినా నా కళ్ళలోంచి పోలేదు.

ఆ రెండు రూపాయల ధర తర్వాత పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. 1990ల చివర్లో సరుక్కి కూపన్ల పద్ధతి కూడా చూశాం. 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో రూపాయి. 2013లో కేంద్రం ఆహార భద్రత చట్టం చేసింది. ఒకప్పుడు దయగా ఇచ్చినది చట్టంలో హక్కు అయింది. ఇదీ సర్కారు గుమ్మి కథ.

ఇప్పుడు నా గుమ్మి కథ చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

2020 మార్చి. జనతా కర్ఫ్యూ అన్నారు, ఆ వెంటనే లాక్‌డౌన్ అన్నారు. నేను మహా తెలివైనదాన్ని కదా, ముందురోజే ఆటోలో వెళ్ళి నాలుగు నెలల సరుకు దింపించాను. కందిపప్పు పదిహేను కిలోలు, నూనె, గోధుమపిండి, ఒకటేమిటి! ముగ్గురు మనుషులకి పదిహేను కిలోల పప్పేమిటని మావారు అడిగితే, "మీకు తెలియదు, ఊరుకోండి" అన్నాను. డబ్బాలు సర్దుతూంటే ఎంత గర్వమో! మా నానమ్మ మనవరాలిననిపించుకున్నాననుకున్నాను.

నాలుగు రోజులకి మా ఇంట్లో పనిచేసే అవ్వ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. పనిలోకి రావద్దన్నాను కదా అన్నాను. "పనికి రాలేదమ్మా. అర్ధకిలో కందిపప్పు కోసం ఊరంత తిరిగిన. ఏ దుకాన్ల లేదంటున్నరు. ఎవలో పెద్దోళ్ళు సంచులకు సంచులు కొనుక్కపోయిన్రట. మీకేమన్న తెలుసా, యాడ దొరుకుతదో?" అంది.

అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అద్దం లేదు కదా. ఆ సంచులకు సంచులు మా సామాన్ల గదిలో ఉన్నాయి. ఆ "ఎవలో పెద్దోళ్ళు" నేనే. ఆవిడ నన్ను నిందించడానికి రాలేదు, నిజంగానే చిరునామా అడగడానికొచ్చింది. అదే ఇంకా బాధ.

రెండు కిలోలు కొలిచి ఇచ్చాను. డబ్బు తీసుకోమని ఆవిడ, వద్దని నేను. ఆఖరికి ఆవిడే నెగ్గింది. "ఊకె ఇస్తె నేనెట్ల తీస్కుంట? రేపు మళ్ళ అడగడానికి మొహముండదు" అని, ధర కట్టి మరీ ఇచ్చి వెళ్ళింది. ఆ వచ్చే నెలలో సర్కారు మనిషికి పన్నెండు కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. బియ్యం అందాయి గానీ, పప్పు ఏదీ? పప్పంతా నాలాంటి గృహలక్ష్ముల డబ్బాల్లో పురుగు పట్టడానికి సిద్ధంగా ఉంది. పట్టింది కూడా! ఆముదం పట్టించాలని నానమ్మ చెప్పింది గుర్తే గానీ, పదిహేను కిలోలకి పట్టించే ఓపిక ఎవరికుంది? వానలు మొదలయ్యేసరికి అయిదు కిలోలు పారబోశాను. చవగ్గా కొన్నానన్న లెక్క అక్కడికక్కడే తలకిందులయింది.

అప్పుడు నాకు ఇంకో లెక్క కూడా తెలిసింది. ఆ అవ్వ ఏడాది పొడుగునా నూనె చిన్న పొట్లాల్లోనే కొంటుంది. పప్పు పావుకిలో, అర్ధకిలో. చిన్న పొట్లంలో కొన్నకొద్దీ కిలో లెక్కన ధర ఎక్కువ పడుతుంది. అంటే ఒకే పప్పుకి నాకంటే ఆవిడే ఎక్కువ డబ్బు పెడుతోంది! పొదుపు చెయ్యాలంటే ముందు చేతిలో డబ్బుండాలి, ఇంట్లో డబ్బాలుండాలి, ఆ డబ్బాలు పెట్టుకోవడానికో గది ఉండాలి. ఇవన్నీ ఉన్న నేను, "పాపం ఈ జనానికి పొదుపు తెలియదు" అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ.

మరి గది లేనివాళ్ళు గుమ్మి ఎలా పెట్టుకుంటారు? జవాబు మా జిల్లాలోనే ఉంది. అప్పటి మెదక్ జిల్లా, 2016 తర్వాత సంగారెడ్డి జిల్లా అయిన జహీరాబాద్ వైపు పస్తాపూర్ అని ఊరు. రెండు రూపాయల బియ్యం వచ్చిన ఆ 1983లోనే అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దాని చుట్టూ ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలు ఏర్పడ్డాయి. చాలామంది దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో ఎర్రనేల ఉన్నవాళ్ళు. కంట్రోల్ బియ్యం చవగ్గా వస్తున్నాయి, మంచిదే. కానీ జొన్న వేసేవాళ్ళు తగ్గి భూములు బీడుపడుతున్నాయి, ఆ భూముల మీద దొరికే కూలీ పోతోంది. అప్పుడా స్త్రీలు 1990ల నడుమ ఓ పని చేశారు. బీడు భూములు బాగుచేసుకోవడానికి రైతులకి అప్పు ఇప్పించి, ఆ అప్పు డబ్బుగా కాక జొన్నలుగా తీర్చమన్నారు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వచేశారు. పని దొరకని వానాకాలంలో బజారు ధర కంటే తక్కువకి ఇచ్చారు.

ఎవరికి ఎంత ఇవ్వాలన్నది కూడా పై ఆఫీసులో తేల్చలేదు. ఊరంతా కూచుని, నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇంట్లో ఎంత లేమి ఉందో తామే తేల్చుకున్నారు. మరీ లేనివారికి ఎక్కువ, కాస్త ఉన్నవారికి తక్కువ. దాన్నిబట్టే జొన్నల కార్డు. విత్తనాలు కూడా అంతే. పదుల రకాల పాత విత్తనాలు వేపాకూ బూడిదా కలిపి దాచి, అడిగిన వాళ్ళకిచ్చి, పంటొచ్చాక ఎక్కువగా తిరిగి పోయించుకుంటారు. 2008లో ఆ ఆడవాళ్ళే సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వాళ్ళకి వచ్చింది. మీరూ నేనూ ఇంట్లో డబ్బాల మీద చీటీలంటించుకుని మురిసిపోతూంటే, వాళ్ళు ఊరికే గుమ్మి కట్టేశారు. మా నానమ్మ ఉంటే ఒక్క ముక్కలో చెప్పేది: దాసిపెట్టుడంటే గిది!

అలాగని ఇంట్లో నిల్వ మానెయ్యమని నేననను. సంసారం చేసేదాన్ని, అనలేను. మా ఇంట్లో ఇప్పుడు నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, కొనబోయే ముందు చూడవలసింది తగ్గింపు ఎంతో కాదు, కిలో ఎంత పడుతోందో. రెండు, జాబితాలో లేని వస్తువుకి కూపన్ ఉన్నా అది మనది కాదు. మూడు, సీజన్లో కొనేవి చింతపండు, ఎండుమిరప, కంది, పాత బియ్యం. అవీ రెండు మూడు నెలలకి మించి వద్దు, ఎందుకంటే బాగు చేసే చేతులు రెండే. కొత్తది వెనక్కి, పాతది ముందుకి. నాలుగోది మా అమ్మాయే పెట్టింది. పెద్ద మూట కొన్నప్పుడు అవ్వని కూడా అడిగి, ఆవిడ వాటా కలిపి ఒకేసారి తెస్తాం. మూట ధరకే ఆవిడకీ పడుతుంది. డబ్బు నెలాఖరున ఇస్తుంది. ధర్మం కాదు, భాగస్వామ్యం. ఆవిడకి మొహం దాచుకోవలసిన పని లేదు, నాకూ లేదు.

మొన్న ఫోన్‌లో కూపన్ మోజులో ఈ రెండో నియమాన్ని మా అమ్మాయి మరిచిపోయింది, అదీ కథ. "పోనీలే అమ్మా, ఈసారి కూపన్ వస్తే అవ్వ జాబితా కూడా కలిపితే వెయ్యి అవుతుంది కదా" అంది రాత్రి భోజనాల దగ్గర. మావారు పేపరు దించి దానివంక మెచ్చుకోలుగా చూశారు. నేనూ చూశాను. తెగిన పోగు మళ్ళీ ఎక్కడో ముడిపడుతున్నట్టే ఉంది.

అన్నట్టు, ఆ మూడు సాసు సీసాలూ అలాగే ఉన్నాయి. అవ్వని అడిగితే, "గదేందమ్మా, తీపి తొక్కా?" అని వాసన చూసి పక్కన పెట్టేసింది. మా చెల్లెలి కొడుకు సెలవుల కోసం ఎదురుచూస్తున్నాం.